షుగర్ బోర్డర్‌లో ఉంది, అన్నం తగ్గిస్తే ఒళ్లు కరిగిపోతోంది: తరచుగా అడిగే ప్రశ్నలు

నా ఎత్తు 170 సెంటీమీటర్లు. 60 కిలోల బరువున్న రోజుల్లో ఆఫీసు హెల్త్ చెకప్‌లో హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్త పరీక్ష) 6.1 శాతం వచ్చింది. భయపడి అన్నం దాదాపు మానేశాను. నాలుగు నెలల్లో అది 5.7కి దిగింది, బరువు 53న్నరకి దిగింది. మొదటి అంకె చూసి నేను మురిసిపోయాను, రెండోది చూసి మా అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ తర్వాత ఏడాదిలో 58కి చేరాను, అన్నం మళ్లీ పళ్లెం నిండా పెట్టుకోకుండానే. అప్పట్లో నేను డాక్టరునీ డైటీషియన్‌నీ విసిగించిన ప్రశ్నలు కొన్ని, ఇప్పుడు చుట్టాలూ స్నేహితులూ నన్ను విసిగిస్తున్నవి కొన్ని కలిపి ఇక్కడ రాశాను. నేను డాక్టరును కాను. రోజూ మందులు వాడేవాళ్లు, కిడ్నీ జబ్బున్నవాళ్లు, గర్భిణులు మాత్రం తమ డాక్టరుతో మాట్లాడాకే తిండి మార్చండి.

బోర్డర్‌లో ఉంది అంటారు కదా, ఆ బోర్డర్ ఎక్కడ?

పరగడుపున 100 నుంచి 125 (డెసీలీటరు రక్తంలో మిల్లీగ్రాములు). గ్లూకోజ్ తాగిన రెండు గంటలకి 140 నుంచి 199. హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4. ఇవి అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ గీతలు, మన ల్యాబుల రిపోర్టుల్లోనూ ఎక్కువగా ఇవే కనిపిస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం పరగడుపు గీతని 110 దగ్గర గీసింది. అందుకే 104 వచ్చినవాణ్ణి ఒక డాక్టరు ప్రీడయాబెటిస్ (షుగర్ జబ్బుకి ముందు దశ) అంటే, ఇంకొకరు ఫర్వాలేదు పొమ్మంటారు.

ఇందులో ఒక మెలిక ఉంది. ఐరన్ తక్కువై రక్తహీనత ఉంటే హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చు. బి12 లోపంలోనూ అంతే. మనవైపు ఆడవాళ్లలో రక్తం తక్కువగా ఉండటం ఎంత మామూలో చెప్పక్కర్లేదు. హిమోగ్లోబిన్ 9 ఉన్న మనిషి 5.9 చూసి అన్నం మానేసిందంటే, జబ్బు ఒకటైతే మందు ఇంకొకటి వేసుకున్నట్టే.

నేను సన్నగానే ఉన్నాను. నాకెందుకొచ్చింది?

నేనూ ఇదే అడిగాను. దానికి డాక్టరు ఒక ఫొటో కథ చెప్పారు. 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఇద్దరు పరిశోధకుల ఫొటో పక్కపక్కన వేశారు. ఒకరు పుణెకి చెందిన డాక్టర్ యాజ్ఞిక్, రెండోవారు లండన్‌కి చెందిన డాక్టర్ యుడ్‌కిన్. ఇద్దరి బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువుందా అని చెప్పే అంకె) ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు కొలిస్తే యుడ్‌కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం. బీఎంఐ లెక్కలో ఇద్దరూ సమానం, లోపల సరుకు మాత్రం వేరు. మన భారతీయుల్లో చాలామందికి కండ తక్కువ, కొవ్వు ఎక్కువ. ఆ కొవ్వు కూడా పొట్ట లోపల, కాలేయం చుట్టూ చేరుతుంది. తిన్న అన్నంలోని గ్లూకోజ్‌ని ఎక్కువగా పీల్చుకోవాల్సింది కండ. అదే తక్కువైతే గ్లూకోజ్ రక్తంలో నిలబడిపోతుంది.

అందుకే మనకి బీఎంఐ గీతలు కూడా వేరుగా పెట్టారు. 18.5 నుంచి 22.9 వరకు మామూలు, 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. నడుము చుట్టుకొలత మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటకూడదు. వంశంలో షుగర్ ఉండటం, నిద్ర సరిగ్గా లేకపోవడం, రోజంతా కుర్చీలో కూర్చోవడం వీటికి తోడు.

అయితే సన్నవాళ్లు కూడా బరువు తగ్గాలా?

పొట్ట లేకుండా, బీఎంఐ 21 దగ్గరున్న మనిషి తగ్గాల్సిన పని లేదు. "5 నుంచి 7 శాతం బరువు తగ్గండి" అన్న సలహా ప్రధానంగా 2002లో అమెరికాలో వచ్చిన డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్ అనే అధ్యయనం నుంచి వచ్చింది. అందులో చేరినవాళ్ల సగటు బీఎంఐ 34. 100 కిలోల మనిషికి చెప్పిన మాట 56 కిలోల మనిషికి అప్పగిస్తే ఎలా?

మనకి దగ్గరి లెక్క చెన్నైలో జరిగింది. 2006లో వెలువడిన ఇండియన్ డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్‌లో, తిండీ నడకా మార్చుకున్నవాళ్లకి షుగర్ వచ్చే ముప్పు 28.5 శాతం తగ్గింది. వాళ్ల సగటు బరువు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. తూకం కదలకపోయినా షుగర్ కదులుతుందన్నమాట. నాకు అన్నిటికంటే ధైర్యం ఇచ్చిన ముక్క ఇది.

అన్నం తగ్గించిన మొదటి వారంలోనే రెండు కిలోలు పోయాయి. కొవ్వేనా?

కాదు, చాలావరకు నీళ్లు. మన ఒంట్లో పిండిపదార్థం గ్లైకోజెన్ రూపంలో కాలేయంలో, కండల్లో నిల్వ ఉంటుంది. ఒక గ్రాము గ్లైకోజెన్‌ని పట్టుకుని సుమారు మూడు గ్రాముల నీళ్లు ఉంటాయి. నిల్వ ఖర్చయితే నీళ్లూ పోతాయి. ఆ వారంలో తల తిరగడం, నీరసం కూడా కొంత దీనివల్లే. చిటికెడు ఉప్పేసిన పల్చటి మజ్జిగ తాగితే సర్దుకుంటుంది (బీపీ ఉన్నవాళ్లు ఉప్పు సంగతి చూసుకోండి).

రెండో నెలలో కూడా తూకం దిగుతూనే ఉంటే అది నీళ్లు కాదు. తిండి చాలడం లేదు.

తిండి చాలకపోవడమేంటి, కడుపు నిండా కూరలు తింటున్నాను కదా?

నేను చేసిన తప్పు ఇదే. మా ఆవిడ ఒకరోజు కొలిచి చూస్తే, నేను రెండు పూటలకీ కలిపి 250 గ్రాముల బియ్యం అన్నం తినేవాణ్ణని తేలింది. 100 గ్రాముల బియ్యానికి సుమారు 350 కేలరీలు, అంటే మొత్తం 875. దాన్ని 80 గ్రాములకి తగ్గించాను, 280 కేలరీలు. మిగిలిన 600 చోట బీరకాయ, సొరకాయ, దోసకాయ ముక్కలు పెట్టాను. పళ్లెం నిండింది, కడుపూ నిండింది. కానీ గిన్నెడు సొరకాయ కూరలో నూనె తీసేస్తే ఉండేవి 30, 40 కేలరీలే. రోజుకి 600 లోటు అంటే నెల తిరిగేసరికి లెక్కకి రెండు కిలోలకి పైనే. పోయేది కొవ్వే అయితే బాధ లేదు. ప్రొటీన్ చాలని మనిషికి, కదలని మనిషికి కండ కూడా పోతుంది. షుగర్‌ని కాపాడాల్సిన కండనే షుగర్ భయంతో పోగొట్టుకున్నట్టు అవుతుంది.

మరి తగ్గించిన అన్నం చోట ఏం పెట్టాలి?

పేజీ మొత్తంలో ఈ ఒక్క ప్రశ్న చదివినా చాలు. బరువు నిలబడాలంటే తీసేసిన కేలరీలకి సరిపడా వెనక్కి పెట్టాలి. అవి షుగర్ పెంచని కేలరీలు కావాలి. అంటే ప్రొటీనూ, మంచి కొవ్వూ.

నా 600 కేలరీల లోటు ఇలా పూడింది. 50 గ్రాముల పల్లీలు, అంటే రెండు గుప్పెళ్లు: 280 కేలరీలు, 12 గ్రాముల ప్రొటీన్. రెండు కోడిగుడ్లు: 150 కేలరీలు, ఇంకో 12 గ్రాముల ప్రొటీన్. కూరల్లో, పచ్చళ్లలో అదనంగా ఒక పెద్ద చెంచా నువ్వుల నూనె లేదా పల్లీ నూనె: 120. మధ్యాహ్నం మజ్జిగ బదులు గట్టి పెరుగు ఒక కప్పు. అక్కడికి సరిపోయింది. ఇందులో కొత్తగా కొనాల్సిన వస్తువు ఒక్కటీ లేదని గమనించండి. ఆవకాడోలు, బాదం పిండి రొట్టెలు చూసి జేబు తడుముకోనక్కర్లేదు.

అసలు మన వంటింట్లో దీనికి కావాల్సినవన్నీ ఎప్పుడూ ఉన్నాయి, వాటిని అంచుకి నెట్టి అన్నాన్ని మధ్యలో కూర్చోబెట్టాం, అంతే. పల్లీ పచ్చడి ఇడ్లీకి చెంచాడు వేసుకుంటాం. నేను ఇప్పుడు ఒక ఇడ్లీకి చిన్న గిన్నెడు వేసుకుంటాను. నువ్వుల పొడి, అవిసె గింజల పొడి, కొబ్బరి కారం, వీటిని కూరల మీద చల్లుకుంటే పరిమాణం పెరగకుండా కేలరీలు పెరుగుతాయి. నువ్వులేసిన వంకాయ గుత్తి కూర, కోడిగుడ్డు పులుసు, చేపల పులుసు, గోంగూర మాంసం, పాలకూర పనీర్ ఇలాంటివి పళ్లెంలో సగం పైన ఉండాలి. అన్నం పక్కన గుప్పెడు. తినే వరసలో కూడా ముందు కూర, గుడ్డు, ముక్కలు తిని చివర్లో అన్నం తింటే తిన్న తర్వాతి షుగర్ తక్కువగా ఎగురుతుంది. పెరుగన్నం చివరికే తినే అలవాటు మనకి ఎలాగూ ఉంది. మొదట్లో పచ్చడన్నం, పప్పన్నం ముద్దలు రెండు తగ్గించుకుంటే చాలు.

సన్నవాళ్లకి ఇంకో చిక్కు ఉంది. ప్రొటీన్, కొవ్వు ఎక్కువైతే ఆకలి చచ్చిపోతుంది. లావుగా ఉన్నవాళ్లకి అది వరం, మనకి కాదు. మూడు పూటల్లో తినలేకపోతే ఐదు సార్లు తినండి. పదకొండు గంటలకి గుప్పెడు పల్లీలు, సాయంత్రం ఉడికించిన గుడ్డు, పడుకునే ముందు వెన్న తీయని పాలు అరగ్లాసు.

అసలు కార్బ్స్ (పిండిపదార్థాలు) ఎంత వరకు తగ్గించాలి?

రోజుకి 130 గ్రాముల లోపు ఉంటే లో-కార్బ్ అంటారు, 50 లోపు అయితే కీటో. మనవాళ్ల తిండిలో సుమారు 62 శాతం శక్తి పిండిపదార్థాల నుంచే వస్తోంది. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) నిధులతో జరిగిన ఇండియాబ్ అధ్యయనం లెక్కలు కట్టి, ప్రీడయాబెటిస్ వెనక్కి మళ్లాలంటే దాన్ని 50 నుంచి 56 శాతానికి తెచ్చి, ప్రొటీన్‌ని 18 నుంచి 20 శాతానికి పెంచితే మేలని 2022లో చెప్పింది. అంటే కీటో దాకా పోనక్కర్లేదు. సన్నవాళ్లకైతే అసలు వద్దనే నా అభిప్రాయం. రోజుకి 120, 130 గ్రాముల దగ్గర నా షుగరూ నిలబడింది, బరువూ నిలబడింది. 80కి దిగితే బరువు జారిపోయేది. మీ అంకె మీ గ్లూకోమీటర్, మీ తూకం యంత్రం కలిసి చెప్పాలి.

కొన్నేళ్ల క్రితం మన రెండు రాష్ట్రాల్లో కొబ్బరినూనె, నిమ్మకాయల డైట్ ఊపు మీద నడిచింది గుర్తుందా? మా కాలనీలో సగంమంది చేశారు. లావుగా ఉన్న కొందరికి బాగానే పనిచేసింది. సన్నవాళ్లు ఎందుకు చేశారో నాకిప్పటికీ అర్థం కాదు.

మిల్లెట్స్ తింటే అన్నం మానేసినట్టే కదా?

కాదు. బియ్యంలో 100 గ్రాములకి 78 గ్రాముల పిండిపదార్థం ఉంటే, కొర్రలు, జొన్నలు, రాగుల్లో 60 నుంచి 72 వరకు ఉంటుంది. పీచు ఎక్కువ కాబట్టి మెల్లగా అరుగుతాయి, ఆ మేరకి మంచివే. కానీ రాగిజావ గ్లాసుల కొద్దీ తాగి "నేను షుగర్‌కి మంచిది తాగుతున్నా" అనుకోవడం పొరపాటు. మెత్తగా పిండి చేసి జావ కాస్తే పీచు చేసే మేలులో చాలా భాగం పోతుంది. జొన్నరొట్టె నయం, నమిలి తింటాం, ఒకటీ రెండూ తినేసరికి చాలనిపిస్తుంది.

రాత్రి అన్నం బదులు చపాతీలు తినడం కూడా ఇదే బాపతు. నాలుగు చపాతీలకీ పళ్లెం అన్నానికీ షుగర్ దృష్టిలో పెద్ద తేడా లేదు.

పప్పు ప్రొటీనే కదా, ఎంతైనా తినొచ్చా?

కందిపప్పులో ప్రొటీన్ ఒక వంతైతే పిండిపదార్థం రెండు వంతుల పైనే. అయినా పప్పు మంచిదే, పీచు ఉంది, అన్నంలా ఎగరదు. సమస్య వేరే ఉంది. మన పప్పులో నీళ్లు ఎక్కువ. ఒక కప్పు పల్చటి పప్పులో పడే పప్పు 25, 30 గ్రాములు, అంటే ప్రొటీన్ ఆరేడు గ్రాములే. పప్పుచారులో అదీ ఉండదు. ముద్దపప్పు, పెసరట్టు, సెనగల గుగ్గిళ్లు అయితే లెక్కలోకి వస్తాయి. పెసరట్టులో ఉప్మా పెట్టుకోకండి మరి.

మేం శాకాహారులం. ప్రొటీన్ ఎలా?

కష్టమే, అబద్ధమెందుకు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. కండ నిలబెట్టుకోవాలనుకునేవాళ్లకి చాలామంది డైటీషియన్లు 1 నుంచి 1.2 గ్రాములు చెబుతారు. 55 కిలోల మనిషికి 55 నుంచి 66 గ్రాములు. కిడ్నీ జబ్బు ఉంటే ఈ అంకె డాక్టరే చెప్పాలి.

గుడ్డు కూడా తినని ఇంట్లో 100 గ్రాముల పనీర్ (18 గ్రాములు), 50 గ్రాముల పల్లీలు (12), అర లీటరు పాలూ పెరుగూ కలిపి (16 నుంచి 20), ఒక పెసరట్టో సెనగలో (10) వేసుకుంటే 55 దాటుతుంది. మీల్‌మేకర్ అంటే మా ఇంట్లో ముఖం చిట్లిస్తారు గానీ, సోయాలో ప్రొటీన్ బాగా ఉంటుంది. వారానికి రెండుసార్లు కుర్మాలో కలిపేయండి, ఎవరూ కనిపెట్టరు. ఇవన్నీ పడనివాళ్లు ప్రొటీన్ పౌడర్ వాడుకోవచ్చు, డబ్బా వెనక చక్కెర ఎంతుందో చదివి. పిల్లల హెల్త్ డ్రింకులు మాత్రం ప్రొటీన్ పౌడర్లు కావు, వాటిలో చాలావాటికి చక్కెరే ముఖ్యమైన సరుకు.

నెయ్యి, కొబ్బరినూనె ఎంత వేసుకున్నా ఫర్వాలేదంటారు. నిజమా?

షుగర్ వరకు నిజం. కొలెస్ట్రాల్ సంగతి అలా కాదు. సన్నగా ఉండి కార్బ్స్ బాగా తగ్గించిన కొందరికి ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) ఒక్కసారిగా పెరిగిపోతుంది. లావుగా ఉన్నవాళ్లకంటే సన్నవాళ్లలోనే ఇది ఎక్కువగా కనిపిస్తుంది. నాకు 118 నుంచి 161కి పోయింది. అప్పుడు కొబ్బరినూనె, వెన్న తగ్గించి, పల్లీలు, నువ్వులు, చేపలు పెంచి, అన్నం ఇంకో గుప్పెడు కలిపాను. దిగింది. కొబ్బరినూనెలో సుమారు 90 శాతం సంతృప్త కొవ్వే. నెయ్యి రోజుకి రెండు చిన్న చెంచాలు చాలు, మిగతాది పల్లీ నూనె, నువ్వుల నూనెతో కానివ్వండి. మూడో నెలలో లిపిడ్ ప్రొఫైల్ (కొలెస్ట్రాల్ పరీక్ష) చేయించకుండా ఈ తిండి కొనసాగించకండి.

బరువు పెరగడానికి అరటిపండ్లు, ఖర్జూరాలు తినమంటున్నారు.

అత్తగారి సలహా అయి ఉంటుంది. ఖర్జూరం పోషకాలున్న పండే, కానీ దాని బరువులో సగానికి పైగా చక్కెర. జామకాయ, బొప్పాయి ముక్కలు, నేరేడు కాలంలో నేరేడు పళ్లు తినండి, అవీ ఒక చిన్న గిన్నెడే. డ్రై ఫ్రూట్స్ అని అమ్మే ప్యాకెట్లో బాదం, జీడిపప్పు, పిస్తా మీకు, కిస్‌మిస్, ఖర్జూరం, అంజీర పిల్లలకి.

పదహారు గంటలు ఉపవాసం ఉంటే షుగర్ తగ్గుతుందంటారు?

బరువు తగ్గాల్సినవాళ్లకి అదొక దారి. తినాల్సినంత తినడమే కష్టంగా ఉన్న సన్నవాళ్లు తినే సమయాన్ని ఎనిమిది గంటలకి కుదించుకుంటే మిగిలేది ఏముంది? రాత్రి ఎనిమిదిలోపు తినేసి పొద్దున ఎనిమిదికి టిఫిన్ చేయండి, ఆ పన్నెండు గంటలు చాలు.

నడక చాలదా? జిమ్‌కి వెళ్లాలా?

నడక షుగర్‌కి చాలా మంచిది. భోంచేశాక పది, పదిహేను నిమిషాలు నడిస్తే గ్లూకోమీటర్‌లో తేడా ఆ పూటే కనిపిస్తుంది. కానీ నడక వల్ల కండ పెద్దగా పెరగదు. మా పార్కులో రోజూ పదివేల అడుగులు నడిచే పెద్దాయన ఒకరు ఉన్నారు, అన్నం తక్కువ, నడక ఎక్కువ, చేతులు కట్టెపుల్లల్లా అయిపోయాయి. బరువు నిలవాలంటే కండకి పని చెప్పాలి, అంటే బరువులు ఎత్తాలి.

జిమ్ ఉంటే మంచిదే. లేకపోయినా బస్కీలు, గోడకి చేతులాన్చి చేసే దండీలు, ఐదు లీటర్ల నీళ్ల క్యాన్ రెండు చేతులా పట్టుకుని మెట్లెక్కడం, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, ఇవన్నీ బరువులే. వారానికి మూడు రోజులు, ఇరవై నిమిషాలు. కాళ్ల కండలు పెద్దవి, గ్లూకోజ్ ఎక్కువ తాగేది అవే, కాబట్టి బస్కీలతో మొదలెట్టండి. మోకాళ్లు నొప్పులుంటే కుర్చీతో. నేను 53న్నర నుంచి 58కి పెరిగినప్పుడు నడుము కొలత అంగుళం కూడా పెరగలేదు. నా లెక్కలో అది బస్కీల పుణ్యం.

చేతులూ కాళ్లూ సన్నం, పొట్ట మాత్రం ఉంది. నేను తగ్గాలా, పెరగాలా?

రెండూనూ, వేర్వేరు చోట్ల. తూకం పక్కనపెట్టి టేపు తీయండి. చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్యలో కొలవండి, ఊపిరి బిగపట్టకుండా. 90 (ఆడవాళ్లకి 80) దాటితే ముందు పొట్ట దిగేదాకా కేలరీలు కాస్త తక్కువగానే ఉంచి, ప్రొటీన్, బస్కీలు గట్టిగా పట్టుకోండి. రెండు మూడు కిలోలు తగ్గినా కంగారు పడకండి. టేపు దిగడం ఆగిపోయి తూకం మాత్రం దిగుతుంటే, అప్పుడు తిండి పెంచండి.

పొద్దున్నే పరగడుపు షుగర్ మాత్రం 105 దగ్గరే ఉంటోంది. ఇంత తగ్గించినా ఎందుకు?

లో-కార్బ్‌లో ఇది తరచుగా జరుగుతుంది. కండలు కొవ్వుని కాల్చడం అలవాటు చేసుకుని గ్లూకోజ్‌ని పెద్దగా ముట్టుకోవు. దానికి తోడు తెల్లవారుజామున లేచే వేళకి హార్మోన్ల వల్ల కాలేయం కొంత గ్లూకోజ్ వదులుతుంది. తిన్న రెండు గంటలకి బాగానే ఉండి, మూడు నెలల హెచ్‌బీఏ1సీ దిగుతుంటే పొద్దుటి అంకె చూసి ఇంకా అన్నం కోసుకోకండి. నేను కోసుకున్నాను. బరువు పోయింది గానీ ఆ 104 కదల్లేదు.

బరువు తగ్గడం ఎప్పుడు డాక్టరుకి చూపించాలి?

ఆరు నెలల నుంచి ఏడాది లోపు, మీరు కోరుకోకుండానే 5 శాతం తగ్గితే చూపించాలి. 60 కిలోల మనిషికి అది మూడు కిలోలు. "డైట్ వల్లేలే" అని సర్దిచెప్పుకోవడం తేలిక, అక్కడే మోసపోతాం. ముఖ్యంగా సరిపడా తింటున్నా తగ్గుతుంటే. దాహం, మాటిమాటికీ మూత్రం ఉంటే షుగర్ బోర్డర్ దాటి ఉండొచ్చు. సన్నగా ఉన్న పెద్దవాళ్లలో కొందరికి వచ్చేది మామూలు టైప్ 2 కాదు, క్లోమంలో ఇన్సులిన్ తయారీయే తగ్గిపోయే రకం. జీఏడీ యాంటీబాడీ, సీ-పెప్టైడ్ టెస్టులతో అది తెలుస్తుంది. ఇలాంటివాళ్లు తిండితోనే నెట్టుకొస్తామని కూర్చుంటే ప్రమాదం. గుండె దడ, చేతులు వణకడం ఉంటే థైరాయిడ్. సాయంత్రం జ్వరం, దగ్గు, రాత్రి చెమటలు ఉంటే టీబీ, షుగర్ ఉన్నవాళ్లలో అది మామూలువాళ్లకంటే ఎక్కువ. కడుపునొప్పి, జిడ్డుగా తేలే మలం ఉంటే క్లోమం చూడాలి.

మందులు వాడుతూ అన్నం తగ్గించొచ్చా?

మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే షుగర్ మరీ పడిపోయే భయం తక్కువ. కానీ అది కొందరికి ఆకలి చంపుతుంది, ఏళ్ల తరబడి వాడితే బి12 తగ్గిస్తుంది. గ్లిమిపిరైడ్ లాంటివి, ఇన్సులిన్ వాడేవాళ్లు అన్నం తగ్గిస్తే డోసు కూడా తగ్గించాల్సి రావచ్చు, లేకపోతే కళ్లు తిరిగి పడిపోతారు. పేరు చివర "గ్లిఫ్లోజిన్" అని ఉండే మాత్రలు (డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్) వాడుతూ కీటో చేయకండి. షుగర్ మామూలుగానే కనిపిస్తుండగా రక్తంలో ఆమ్లం పెరిగి ఐసీయూ దాకా వెళ్లే ముప్పు ఉంది.

ఏ టెస్టులు, ఎప్పుడు?

బరువు వారానికి ఒకసారి, అదే రోజు, పొద్దున బాత్రూంకి వెళ్లొచ్చాక. రోజూ చూస్తే టెన్షన్ తప్ప లాభం లేదు. నడుము నెలకోసారి. హెచ్‌బీఏ1సీ, లిపిడ్ ప్రొఫైల్ మూడు నెలలకి. గ్లూకోజ్ తాగి చేసే టెస్టు ఉంటే దానికి ముందు మూడు రోజులు రోజుకి కనీసం 150 గ్రాముల కార్బ్స్ తినాలి, అంటే మామూలుగా అన్నం తినాలి. లో-కార్బ్‌లో ఉండి నేరుగా వెళ్లి గ్లూకోజ్ తాగితే లేని షుగర్ ఉన్నట్టు రావచ్చు. ల్యాబులో ఈ సంగతి మిమ్మల్ని అడుగుతారన్న నమ్మకం పెట్టుకోకండి.

సంక్రాంతికి అరిసెలు?

ఒకటి. భోజనం చివర, అన్నం మానేసి.

కనిపించినవాళ్లందరూ "ఏంటి అలా చిక్కిపోయావు, షుగర్ ఎక్కువైందా" అంటున్నారు. ఏం చెప్పాలి?

నేను మొదట్లో రిపోర్టులు, అంకెలు వివరించేవాణ్ణి. వినేవాళ్లు మధ్యలోనే వాళ్ల మామయ్యకి కాకరకాయ రసంతో ఎలా తగ్గిందో మొదలెట్టేవారు. ఇప్పుడు "అవునండీ, తగ్గాను, మళ్లీ పెరుగుతున్నాను" అని జేబులోంచి పల్లీల పొట్లం తీసి వాళ్లకీ నాలుగు పెడుతున్నాను.